మన్యమున అశాంతికి మూలములు

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



మన గ్రామము కొండల యడుగున నున్నది. సంతనాడు చింతపండు, అడ్డాకులు, కరక్కాయలు నెత్తికెత్తుకొని దిగివచ్చు గిరిజనులను మనమందఱము ఎఱుగుదుము. వారి చరిత్రను మాత్రము ఎఱుగము. మన్యమున మాటిమాటికి తిరుగుబాటులు ఏల రేగినవన్నచో, ఎవరో బయటివారు వచ్చి రెచ్చగొట్టిరనుట మనకు అలవాటు. ఆ మాట పూర్తిగా అసత్యము కాదు. కాని నిప్పు తెచ్చినవానిని చూతుము గాని, ఎండుగడ్డి పేర్చినదెవరో విచారింపము.

1879లో గోదావరి మన్యమందలి రంపలో పితూరీ లేచినది. కల్లుపై పన్నును, మున్సబుదారు పెట్టిన బాధలును కారణములని మనము చదువుకొన్నాము. నన్ను మిక్కిలి కలచినది వేఱొకటి. మైదానమునుండి పోయిన వర్తకులు అక్షరము రాని కొండవారితో పత్రములు వ్రాయించుకొని, దూరపు కోర్టులలో ఏకపక్షపు డిక్రీలు పొంది, వారి పశువులను జప్తు చేయించిరి. ఆ వర్తకులు తెల్లదొరలు కారు, మనవంటి పల్లెలవారే. ఈ మాట చెప్పుటకు నాకును సంకోచముగా నున్నది. మా తాతగారును వడ్డీవ్యాపారము చేసినవారే.

పిమ్మట 1882 నాటి మద్రాసు అటవీ చట్టముతో పోడు వ్యవసాయమునకు నిర్బంధములు వచ్చినవి. 1922-24 నడుమ అల్లూరి సీతారామరాజుగారి వెంట గూడెము మన్యము నడచుటకు అవియు, రోడ్డుపనులలో కూలి సరిగా నీయక చేయించిన వెట్టియు తోడ్పడినవి. అది మీకు తెలిసిన కథయే.

ఇక శ్రీకాకుళము. ఏజెన్సీలో గిరిజనుల భూమి ఇతరుల పాలు కారాదని 1917లోనే చట్టము చేసిరి; 1959లో మరల నిబంధన తెచ్చిరి. శాసనము కొండ యెక్కలేదు. అప్పు క్రింద భూమి పోయెను, భూమి పోగా పాలేరుతనము మిగిలెను. ఉపాధ్యాయుడైన వెంపటాపు సత్యముగారును, ఆదిభట్ల కైలాసముగారును గిరిజనులను సంఘముగా కూర్చి మొదట అడిగినవి కూలి పెంపు, పోయిన భూములు, అడవిపై హక్కులు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు పోవువారిపై లేవిడి వద్ద భూస్వాముల పక్షమువారు కాల్పులు జరుపగా కోరన్న, మంగన్న యను ఇరువురు గిరిజనులు మరణించిరి. నిందితులను 1968లో న్యాయస్థానము విడిచిపెట్టినది. ఆ యేటి చివరనే సాయుధచర్యలు మొదలయ్యెను.

ఇండ్లలో జొరబడి మనుష్యులను చంపుటను నేను సమర్థింపను. ఆ హింసకును, దాని నణచవచ్చిన బలగములకును నడుమ నలిగినవి మరల ఆ గూడెములే. 1970 జూలై 10న సత్యముగారు, కైలాసముగారు పోలీసుల చేతిలో మరణించిరి. ఆ యేడే ఫిబ్రవరిలో పాత నిబంధనను సవరించిరి: ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలోనున్న భూమి గిరిజనునినుండి వచ్చినదే యని భావింపవలెను, కాదని ఋజువు చేయు భారము గిరిజనేతరునిదే. ఈ యొక్క వాక్యము 1959లోనే యుండిన ఎంత బాగుండెడిది!

ఆ నిబంధనయు, 2006 నాటి అటవీహక్కుల చట్టమును తెలుగున దొరకునేమో యని నిన్న మన గ్రంథాలయపు బీరువాలన్నియు వెదకితిని, లేవు. సంతనాడు గ్రంథాలయము మూసియుండుటయు గమనించితిని. పాలకవర్గమువారు ఆ ప్రతులను తెప్పించి, సంత ముగియువఱకు తలుపులు తెఱచియుంచి, చదివి వినిపించుటకు ఒకరిని కూర్చుండబెట్టుదురేని, మొదటి నెల ఆ పనికి నేనే వచ్చెదను.