ముందు అర్జీ, తర్వాత ఆట

వినోదం మన ప్రజాజీవితాన్ని ఎట్లా మార్చిందో మా హాస్టల్ తరఫున నాలుగు మాటలు చెప్పమన్నారు. పెద్ద విషయమే. మేము రోజూ చూసే పిల్లలతోనే మొదలుపెడతాం.

మొన్న భీమ్ వర్ధంతికి ముందు మా పిల్లలకు కాగితాలిచ్చి కొమురం భీమ్ బొమ్మ గీయమన్నాం. ఎక్కువ మంది సినిమా భీమ్‌ను గీశారు. మోటారు సైకిల్‌ను ఎత్తి పట్టుకున్న భీమ్! బొమ్మలు ముచ్చటగానే ఉన్నాయి. "ఆయన దేనికోసం కొట్లాడాడు?" అని అడిగితే, "ఎత్తుకుపోయిన పాపను తెచ్చేందుకు మేడం" అన్నారు. అది 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ కథ. కల్పిత కథ అని తీసినవాళ్లే చెప్పుకున్నారు, వాళ్లను తప్పుపట్టడం లేదు. అసలు కథ మేము చెప్పేలోపే సినిమా మా పిల్లల దగ్గరికి చేరింది. ఆ ఆలస్యం మాది.

అసలు కథ భూమిది. నిజాం కాలంలో అడవిని సర్కారు తన హద్దుల్లోకి తీసుకుని, దున్నుకుంటున్న మనవాళ్లను వెళ్లగొట్టింది. పశువుల మేతకూ పన్ను కట్టమంది. భీమ్ 12 ఊళ్ల మీద హక్కు అడిగాడు. 1940లో జోడేఘాట్‌లో తుపాకీ గుండ్లకు నేలకొరిగాడు. అప్పుడు గానీ సర్కారుకు సోయి రాలేదు. మన బతుకులు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్ గారిని పంపింది. ఆయన మార్లవాయిలో మనవాళ్ల మధ్యే ఉన్నారు. భూములకు పట్టాలు, గోండు టీచర్లకు శిక్షణ, కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు, ఇవన్నీ ఆ 1940ల్లో మొదలైనవే. టీచర్ ట్రైనింగ్ చదివి వచ్చిన మాలాంటివాళ్లకు ఆ మార్లవాయి కేంద్రమే పుట్టిల్లు.

దర్బారును ఎక్కడ పెట్టారో గమనించండి. జాతరలో పెట్టారు. పూజ ఉంది, సంత ఉంది, ఆటపాట ఉంది, వాటి నడుమే అధికారుల ముందు నిలబడి "మా ఊరికి దారి లేదు, నీళ్లు లేవు" అని అడిగే చోటు కూడా ఉంది. దండారి కూడా అంతే. ఒక ఊరి దళం ఇంకో ఊరికి పోతుంది, ఆ ఊరు అన్నం పెడుతుంది, ఆట పక్కనే పెళ్లి మాటలు నడుస్తాయి. ఆట మనుషుల్ని ఒక్కచోటికి చేరుస్తుంది. చేరినాక మాట నడుస్తుంది. వినోదం మనకు శత్రువని మేము ఎన్నడూ అనం.

ఇప్పుడు వచ్చిన మార్పు వేరు. 1982 మార్చిలో ఎన్టీ రామారావు గారు పార్టీ పెట్టి, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. తెర మీద నమ్మిన మనిషిని జనం ఓటు దగ్గరా నమ్మారు. అయితే ఆయన రథమెక్కి ఊరూరూ తిరిగి జనంతో మాట్లాడారు. ఆ తిరుగుడు పోయి, తెర హంగు మాత్రం మనకు మిగిలినట్టుంది. సభ నుంచి వచ్చిన పిల్లగాణ్ని "ఏం చెప్పారురా?" అంటే, "ఎంట్రీ అదిరింది, డీజే అదిరింది" అంటాడు. మన ఊరి రోడ్డు సంగతి వాడికి గుర్తుండదు.

ఇందులో మా తప్పూ ఉంది. ఒక జనవరిలో పెద్ద అధికారి ఒకరు మా హాస్టల్‌కు వస్తున్నారన్నారు. వారం రోజులు పిల్లలకు గుస్సాడీ నేర్పించాం. దండారి రోజుల్లో తప్ప కట్టని నెమలి టోపీలను అట్టతో చేసి కట్టించాం. మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ తెచ్చిన ఆట అది, మాకూ గర్వమే. పిల్లలు ఇరవై నిమిషాలు ఆడారు. చప్పట్లు, ఫొటోలు అయ్యాక బండి కదిలిపోయింది. నీళ్ల మోటారు చెడిపోయి నెల అయిందని, ఆడపిల్లల బాత్రూం తలుపులకు గడియలు లేవని ఎవరమూ చెప్పలేదు. ఆ రాత్రి ఎనిమిదో తరగతి పిల్ల బకెట్ మోసుకొస్తూ, "మేడం, మనం ఎందుకు ఆడినం?" అంది. మా దగ్గర జవాబు లేదు.

మళ్లీసారి వరుస మార్చాం. పిల్లలే ఒక పేజీ అర్జీ రాశారు. ఆ పిల్లే ముందు గోండిలో, తర్వాత తెలుగులో చదివింది. గొంతు వణికింది గానీ ఆగలేదు. ఆ తర్వాతే డోలు మోగింది. మూడు వారాలకు మోటారు బాగైంది. గడియలు ఇంకా రాలేదు, మేము ఇంకా అడుగుతూనే ఉన్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, 1996 నాటి పెసా చట్టం మన గ్రామసభకు బలం ఇచ్చింది. మీరు వచ్చి కూర్చుంటేనే ఆ బలం పనికొస్తుంది. మీ చేతిలో ఫోన్ ఉంది, రీల్స్ తీయండి, మేమూ చూస్తాం. ఈసారి గ్రామసభలో మాత్రం ఇంకొకటి కూడా తీయండి. మీ ఊరి ముసలమ్మ అడిగిన ప్రశ్న, దానికి అధికారి చెప్పిన జవాబు, చెప్పిన తేదీ. ఆ తేదీ దాటితే ఆ వీడియోతోనే మళ్లీ పోయి అడగండి.

పని అయినాక డోలు తీద్దాం. ఆ రోజు మేమూ మీతో ఆడతాం.