మూడు పొడవు చేతులు, మూడు పొట్టి చేతులు

 

ఈనాటి మన పాఠం సముద్ర నక్షత్రాన్ని ఇంట్లో పెంచడం గురించి. సూరత్‌లోని లింబాయత్‌లో మరమగ్గాల పనికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మీరు అక్కడే ఉన్నారనుకోండి. గాజుతొట్టి సిద్ధంగా ఉంది. నీరు ఎక్కడిది?

సముద్రం దగ్గరే కదా, డుమస్ తీరం నుంచి బిందెడు తెచ్చుకోవచ్చు అంటారేమో. అది పనికిరాదు. అక్కడ తాపీ నది నీరు సముద్రంలో కలుస్తుంది, ఖంభాత్ సింధుశాఖ ఆటుపోట్లు బురదను రేపుతాయి. లవణీయత నిలకడగా ఉండదు. ఆ నిలకడే ఎందుకంత ముఖ్యమో ఇప్పుడు చూద్దాం.

సముద్ర నక్షత్రం చేప కాదు. కంటకచర్ముల వర్గానికి చెందిన జీవి. దీని వీపు మీద మాడ్రిపోరైట్ అనే చిన్న జల్లెడ ఉంటుంది. దాని ద్వారా లోపలికి చేరే సముద్రపు నీరే నాళికాపాదాలను కదిలిస్తుంది. లోపలి లవణాలను సరిచూసుకునే మూత్రపిండాలు దీనికి లేవు. బయటి నీరు ఎలా ఉంటే లోపల కూడా అలాగే ఉంటుంది. కనుక లవణీయత ఒక్కసారిగా మారితే ప్రాణానికే ముప్పు.

అందుకే శుద్ధి చేసిన నీటిలో అక్వేరియం లవణ మిశ్రమాన్ని కలిపి, లీటరుకు సుమారు 35 గ్రాముల లవణీయతకు తెస్తారు. వంట ఉప్పు చాలదు. సముద్రపు నీటిలో మెగ్నీషియం, కాల్షియం వంటివి కూడా ఉంటాయి. వేసవిలో తొట్టినీరు తగ్గితే ఏం పోయాలి? ఆవిరయ్యేది నీరే, ఉప్పు మిగిలిపోతుంది. కనుక ఉప్పు కలపని శుద్ధమైన నీరే పోయాలి. కొత్త జీవిని తొట్టిలో వదిలే ముందు, సన్నని గొట్టంతో తొట్టినీటిని చుక్కచుక్కగా కలుపుతూ రెండు మూడు గంటలు అలవాటు చేయాలి. రాగి ఉన్న చేపల మందులు దీనికి విషం.

ఇక ఏ జాతిని ఎంచుకోవాలి? అందరి కన్నూ నీలిరంగు లింకియా మీద పడుతుంది. కానీ అది రాళ్ల మీది సూక్ష్మజీవుల పలుచని పొరను మేస్తుంది. చిన్న తొట్టిలో ఆ పొర త్వరగా అయిపోతుంది. ఆకలితో అది తన శరీరాన్నే కరిగించుకుంటూ నెలల తరబడి బతికి, చివరికి చనిపోతుంది. చూసేవారికి మాత్రం అది బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

మరొకటి ఉంది. పేరు ఆస్టెరినా. వేలిగోరంత ఉంటుంది. ఇప్పటికే అక్వేరియం ఉన్నవారి తొట్టిలో రాళ్లకో, నాచుకో అంటుకుని తరచు దొరుకుతుంది. అందం తక్కువే. కానీ గాజు మీది పాచి తిని బతుకుతుంది. దీని వింత చూడండి. శరీరం రెండుగా చీలిపోతుంది. ఒక్కో సగం తక్కిన చేతులను మళ్లీ మొలిపించుకుంటుంది. మూడు పొడవు చేతులు, మూడు పొట్టి చేతులు ఉన్న నక్షత్రం కనిపిస్తే, అది ఈమధ్యే చీలిందని గ్రహించండి. వారానికోసారి పొట్టి చేతులను కొలిచి నోటుపుస్తకంలో రాయండి. పునరుత్పత్తి పాఠం మీ కళ్లముందే జరుగుతుంది.

పెద్ద నక్షత్రాలను చూడాలనిపిస్తే జామ్‌నగర్ వైపు వెళ్లండి. కచ్ సింధుశాఖలో 1982లో ప్రకటించిన సముద్ర జాతీయ పార్కు ఉంది. అక్కడి నరారాలో, పోటు తగ్గిన వేళ మార్గదర్శి వెంట నడుస్తూ సముద్రజీవులను చూడవచ్చు. అయితే దేనినీ ఇంటికి తేకూడదు.

ఒక జీవిని పెంచాలనుకుంటే, అది అందంగా ఉందా అని కాదు, దానికి నేను తిండి పెట్టగలనా అని ముందు అడగండి. సెలవు.