కొలువు దిగిన సైనికునికి మన బాకీ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పచ్చడి తిన్న నోరు కడుగుకొనకముందే పంచాంగము వినడము మన ఆచారము. ఆదాయ వ్యయములు విన్న తరువాత రాజపూజ్యము, అవమానము అని మరి రెండు అంకెలు వింటాము. రాజపూజ్యము ఏడు వచ్చినవాడు మీసము దువ్వుకొంటాడు, అవమానము ఏడు వచ్చినవాడు తల గోక్కొంటాడు. ఈ సంవత్సరము పేరే పరాభవ. పేరు చూచి భయపడవద్దని సిద్ధాంతిగారు ఇప్పుడే సెలవిచ్చారు. అయినా ఆ పేరు వినగానే మాకు జ్ఞాపకము వచ్చినవాడు మాజీ సైనికుడు. యుద్ధము జరుగుచున్నన్నాళ్లు ఆతని రాజపూజ్యము ఏడు. కొలువు దిగి, కాగితముల సంచీ చంకన పెట్టుకొని కిటికీ ముందు నిలుచున్ననాడు ఆ అంకె ఎంతకు దిగుతుందో ఏ పంచాంగములోను వ్రాసి ఉండదు. నేడు ఆ సంగతి నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

క్రిందటి పరాభవ 1966లో వచ్చినది. అప్పటికి 1965 యుద్ధము ముగిసి కొద్ది నెలలే అయినది. ఆ యుద్ధకాలములో మన త్యాగరాయనగరము చేసిన పని పెద్దలు నేటికీ చెప్పుకొంటారు. హబీబుల్లా రోడ్డున కాపురమున్న మహానటి సావిత్రిగారు ఒంటిమీది నగలు తీసి, ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారి చేతికి రక్షణ నిధి కోసము ఇచ్చివేశారు. 1962లో చైనా దండెత్తినప్పుడు ఏర్పడిన నిధి అది. ఆ యిల్లాలి చేతికి ఎముక లేదని మనవారు గర్వముగా చెప్పుకొనడము న్యాయమే.

అయితే ఒక్క ప్రశ్న. యుద్ధము మూడు వారములో, మూడు నెలలో ఉంటుంది. యుద్ధములో భర్తను పోగొట్టుకొన్న యిల్లాలికి వైధవ్యము నలువది ఏండ్లు ఉంటుంది. మొదటి మూడు వారములకు మన దగ్గర నగలున్నవి, చప్పట్లున్నవి. ఆ తరువాతి నలువది ఏండ్లకు ఏమున్నది?

సైన్యము మనకు దూరపు మాట కాదు. పాత మద్రాసు సైన్యములో తెలుగువారు ఎంతమంది ఉండేవారంటే, ఉత్తర దేశమున సిపాయిలను తెలింగాలనే పిలిచేవారు. బెంగుళూరు కేంద్రముగా ఉన్న మద్రాసు సాపర్ల దళములోను, మద్రాసు రెజిమెంటులోను నేటికీ మనవారున్నారు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెము దగ్గరి మాధవరానికి మిలిటరీ మాధవరమని పేరు. రెండు ప్రపంచ యుద్ధములకూ బిడ్డలను పంపిన ఊరది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో ప్రాణమిచ్చిన కల్నల్ సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ. ఆయనకు మహావీరచక్ర వచ్చినది, ఆయన కుటుంబమును ప్రభుత్వము ఆదుకొన్నది. అట్లా జరుగవలసినదే. కాని పత్రికలలో పేరు పడని హవల్దారు, నాయక్, సిపాయి వేలమంది ఉన్నారు. వారిలో కొందరు మన వీధులలోనే ఉన్నారు. పాండీబజారు బట్టల దుకాణము ముందు ఈల పట్టుకొని నిలుచున్న వాచ్‌మన్‌ను ఎప్పుడైనా పలుకరించి చూడండి.

వీరికి సహాయము చేసే ఏర్పాట్లు లేవని ఎవరూ అనరాదు. మొదటి ప్రపంచ యుద్ధములో అంగవికలులైన సిపాయిలకు చేతిపని నేర్పడానికి 1917లోనే క్వీన్ మేరీ సాంకేతిక విద్యాలయము పుట్టినది. అది నేడు పూనా దగ్గర ఖడ్కీలో ఉన్నది. 1919లో సోల్జర్స్ బోర్డుగా ఏర్పడినదే 1975లో కేంద్రీయ సైనిక్ బోర్డు అయినది. దాని క్రింద రాష్ట్రమునకొక బోర్డు, జిల్లాలలో సైనిక సంక్షేమ కార్యాలయములు ఉన్నవి. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న జెండా దినము జరుపుచున్నారు. ఆనాడు మన చొక్కాకు గ్రుచ్చే చిన్న జెండాకు మనమిచ్చే రూపాయలు ఈ కుటుంబములకే పోతవి. సైనికుల భార్యల సంక్షేమ సంఘము క్రిందటి పరాభవలో, అంటే 1966లోనే, రిజిస్టరు అయినది. మాజీ సైనికులకు ఉద్యోగములు చూపడానికి తమిళనాడు ప్రభుత్వము 1986లో టెక్స్‌కో అనే కార్పొరేషను పెట్టినది. 2003 నుంచి పెన్షనుదారులకు ఇ.సి.హెచ్.ఎస్. వైద్య పథకము ఉన్నది. పిల్లల వృత్తివిద్యలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్పు కలదు. అది 2019 నుంచి మగపిల్లలకు నెలకు 2,500, ఆడపిల్లలకు 3,000 రూపాయలు.

పదిహేనేండ్ల సర్వీసు నిండక పెన్షను లేకుండా వచ్చిన సిపాయి మాట ఏమిటి? ఆతనికీ దారి ఉన్నది. హవల్దారు వరకు హోదాలో పనిచేసి, అరువది ఐదేండ్లు దాటి, పెన్షనుగాని వేరే రాబడిగాని లేనివారికీ, అట్టివారి వితంతువులకూ నెలనెలా ఇచ్చే సహాయమును 2025 నవంబరు నుంచి 4,000 నుండి 8,000 రూపాయలకు పెంచినారు. కూతురి పెండ్లికి ఇచ్చేది 50,000 నుండి లక్ష అయినది.

ఇన్ని ఉండగా మన పని ఏమున్నదంటారా? మాకు ఎదురైన రెండు సంగతులు చెప్పుతాము.

మాంబళము స్టేషను దగ్గరి ఒక సందులో ఒక యిల్లాలు ఉండేది. భర్త సాపర్ల దళములో పదిహేడేండ్లు చేసి హవల్దారుగా పెన్షను పుచ్చుకొని, ఇక్కడ ఒక దుకాణములో కాపలా పనికి కుదిరినాడు. ఆయన పోయిన తరువాత కుటుంబ పెన్షను రాలేదు. కారణము వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. డిశ్చార్జి పుస్తకములో ఆమెకు పుట్టింటివారు పెట్టిన పేరున్నది. అత్తవారింట అడుగుపెట్టినప్పుడు ఆ పేరు అత్తగారిదై ఉండినందున మరొక పేరుతో పిలిచినారు. ఆధార్‌లో, బ్యాంకులో ఆ రెండవ పేరే ఉన్నది. మన పల్లెలలో ఇది ఇంటింటి కథ. దానికి తోడు మనవాడు ఇంటిపేరు ముందు వ్రాస్తాడు. ఇక్కడివారు తండ్రిపేరును పొడి అక్షరముగా పెట్టుకొంటారు. ఇంటిపేరు విప్పి వ్రాసిన కాగితములో ఒక మనిషి, పొడి అక్షరమున్న కాగితములో మరొక మనిషి! ఇక్కడి కార్యాలయములో, మీ ఆయనది ఆంధ్ర జిల్లా, అక్కడికి పొమ్మన్నారు. అక్కడికి పోతే, మీరుండేది చెన్నైలో గదా అన్నారు. వలస వచ్చినవానికి రెండు ఊళ్లంటారు. ఆమెకు రెండు ఊళ్లలోను కిటికీ మూసి ఉన్నది.

మా సంఘ సభ్యులము నలుగురము కూర్చొని ఆ సంచీ విప్పినాము. పేరు మార్పు జరుగవలసినది బెంగుళూరులోని రికార్డు ఆఫీసులో. పెన్షను ఉత్తరువు రావలసినది ప్రయాగరాజు నుంచి. రెండు పేర్లూ ఒక మనిషివేనని స్వగ్రామము నుంచి ధ్రువపత్రము తెప్పించి, ఇంగ్లీషులోనికి మార్చి, అఫిడవిట్టు వేయించి, పత్రికలలో ప్రకటన ఇప్పించినాము. పదునాలుగు నెలలు పట్టినది. బకాయీతో సహా పెన్షను వచ్చినది. మాకు అయిన ఖర్చు నేటి ఉగాది విందులో ఒక పంక్తి భోజనములంత కూడా కాదు. కావలసినది ధనము కాదని ఆనాడు మాకు తెలిసివచ్చినది. తెలుగు చదువగలిగి, ఇంగ్లీషు వ్రాయగలిగి, ఓపికతో నాలుగు ఉత్తరములు నడపగల మనిషి కావలెను. అట్టివారు ఈ సభలో కనీసము వందమంది ఉన్నారు.

రెండవ సంగతి చెప్పడానికి మాకు సిగ్గుగా ఉన్నది. అయినా చెప్పుతాము. కొన్నేండ్ల క్రిందట ఇటువంటి ఉగాది సభలోనే ఒక వృద్ధ సైనికుని వేదికమీదికి పిలిచి శాలువ కప్పినాము. ఆయన పెన్షను లేకుండా వచ్చినవాడు. డెబ్బది దాటినవి. కవరులో పెట్టి ఇచ్చిన డబ్బు ఆయన తిరిగి మా చేతిలోనే పెట్టి, మెల్లగా ఒక మాట అన్నాడు: “శాలువ ఉంచుకొంటాను బాబూ. నెలనెలా ఏదో సహాయము ఇస్తారట గదా, ఆ ఫారము ఎవరైనా నింపిపెట్టుతారా?” పండుగ పని తీరగానే వస్తామన్నాము. పండుగ తీరినది. లెక్కలు తేల్చుకొన్నాము, ఫోటోలు పంచుకొన్నాము. మేము ఆ యింటికి పోయేసరికి తలుపుకు తాళము ఉన్నది. పోయి పది దినములైనదని ఎదురింటివారు చెప్పినారు.

ఆ తప్పు ఏ ఆఫీసుదీ కాదు, మాది. నాటి నుంచి మేము ఒక నియమము పెట్టుకొన్నాము. ముందు ఫారము, తరువాత శాలువ.

కనుక మా విన్నపము చిన్నది. మీ యింట తండ్రిగారిదో తాతగారిదో పాత ట్రంకుపెట్టె ఉంటే తెరిచి చూడండి. డిశ్చార్జి పుస్తకము, పెన్షను ఉత్తరువు ఉంటే వాటిలో భార్యపేరు, పుట్టిన తేదీ, పిల్లల పేర్లు సరిగా ఉన్నవో లేవో నేడే చూడండి. ఆయన బ్రతికి ఉండగా ఒక దరఖాస్తుతో సరిపడేది, పోయిన తరువాత సంవత్సరములు పట్టుతుంది. ఏటేటా ఇవ్వవలసిన జీవన ధ్రువపత్రము ఇప్పుడు స్పర్శ్ అనే కంప్యూటరు పద్ధతిలో ఇవ్వవలెను. ముసలివారికి అది చేతగాదు, కళాశాలకు పోయే మీ పిల్లలకు పది నిమిషముల పని. మీ వీధి వాచ్‌మన్‌ను, మీ యింట పనిచేసే అమ్మను, మీ వాళ్లెవరైనా మిలిటరీలో చేశారా అని ఒక్కమారు అడగండి. ఇంకొకటి, ఇది దానమని వారికి అనిపించనీయకండి. దానమనుకొన్నవాడు తల వంచుకొని ఇంట్లోనే ఉండిపోతాడు. బాకీ తీర్చుచున్నామని మనము తెలుసుకొంటే ఆతడు తలుపు తీస్తాడు.

ఈ సభ ముగియగానే ద్వారము దగ్గర ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక నోటుపుస్తకము ఉంటవి. విరాళము వ్రాయనక్కరలేదు. నెలకొక ఆదివారము రెండు గంటలు ఇవ్వగలవారు పేరు వ్రాయండి. మీరెరిగిన మాజీ సైనికుడో, వారి యిల్లాలో ఉంటే ఆ వివరమూ వ్రాయండి. విందు ఆ తరువాత.

ఈ పరాభవ సంవత్సరములో మన వీధులలో ఒక్క సైనికుని కుటుంబమైనా కిటికీ ముందు పరాభవము పొందకుండా చూతుము గాక.