మత్స్యసంపద రక్షణమునకు మన యువకుల శిక్షణము
(వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)

మా చిన్ననాట కరీంనగరము, ఆదిలాబాదు అని రెండే జిల్లాలుండెడివి. 2016వ సంవత్సరపు విభజనముతో నవి పలు జిల్లాలైనవి. అయినను నది యొక్కటియే గనుక మన సభయు నొక్కటిగనే జరుగుచుండుట సంతోషకరము.

కార్యదర్శిగారు నాకు వ్రాసిన లేఖలో "మన కులము యొక్క ప్రాచీన వైభవము"ను గూర్చి మాటలాడవలసినదని కోరియున్నారు. సంస్కృతము చదివిన బడిపంతులు గనుక సత్యవతి దాశరాజు నింట పెరిగిన కథయు, ఆమె కుమారుడే వేదవ్యాసుడైన కథయు జెప్పి, చప్పట్లు కొట్టించి దిగిపోవునని వారు తలచియుందురు. ఆ కథ మీ రెరిగినదే. మన సంచికలో దాదాపు ప్రతి యేటను అచ్చగుచున్నదే. నేడు మధ్యాహ్నము సంఘ నిధిని గూర్చి తీర్మానము రానున్నది గనుక, ఆ తీర్మానమునకు బనికివచ్చు మాటలు నాలుగు చెప్పుటకు అనుజ్ఞ వేడుచున్నాను.

ప్రాచీనులను నేను పూర్తిగా విడిచిపెట్టను. కౌటిల్యుని యర్థశాస్త్రమున నావధ్యక్షుడను నధికారి యొకడు కలడు. బెస్తవారు పట్టినదానిలో నారవవంతును పడవల యద్దెగా నాతనికి జెల్లింపవలయునని యచట విధింపబడినది. అశోకుని యయిదవ స్తంభశాసనమున, రమారమి క్రీస్తుపూర్వము 243వ సంవత్సరమున, కొన్ని పున్నములయందును ఉపవాస దినములయందును చేపలను చంపరాదు, అమ్మరాదు అని యాజ్ఞ కలదు. అందే "కేవటభోగ" మను మాట యున్నది. కేవటులనగా కైవర్తులు, అనగా మనవారే. వారి కేర్పరచిన నీటి తావులకే యా పేరు. మరి మన ప్రాంతమునకు జేరువనున్న కల్యాణమున 1126 మొదలు 1138 వరకు రాజ్యమేలిన చాళుక్య సోమేశ్వరుడు తన మానసోల్లాసమున మత్స్యవినోద మను భాగము వ్రాసి, సముద్రపు చేపలను, నదీ మత్స్యములను, పొలుసు గలవానిని, లేనివానిని వేరుపరచి, వానికి బెట్టవలసిన మేతలను సైతము వివరించినాడు. ఒక చక్రవర్తి చేపల మేతను గూర్చి సంస్కృతమున శ్లోకములు వ్రాసినాడన్నచో, ఆ విద్యను తక్కువదిగా జూచువారి చదువు నేపాటిదో మీరే యూహింపుడు.

నే నీ మూడింటిని జెప్పుటకు గారణము వైభవము కాదు. నీటి నుండి తీసికొనుటకొక కొలత, తీసికొనరాని దినములకొక లెక్క, తీసికొనువాని కొక జ్ఞానము ఉండవలెనని ఆనాటివా రెరుగుదురు. మనమో, పూర్వు లెరుగుదురు గనుక మన రక్తములోనే యా జ్ఞాన మున్నదని తలచి కూర్చున్నాము. అది నిజము కాదు. ఒక యనుభవము చెప్పెదను.

మా తండ్రిగారు చెరువు మీద బ్రతికినవారు. ఆషాఢ శ్రావణములలో వాన గట్టిగా గురిసి చెరువు నిండి మత్తడి దూకినప్పుడు, చేపలు ఆ పారునీటి కెదురెక్కును. ఎందు కెక్కునో మా యింట నెవ్వరికిని దెలియదు. గంగమ్మ పంపినదని నమ్మకము. ఊరంతయు మత్తడి క్రింద వలలతో, బుట్టలతో, తుదకు పాత చీరెలతో నిలిచెడిది. కడుపు నిండ జనతో నున్న చేపలను మా తండ్రిగారు పట్టిరి. మా తల్లి యా జనను వేరుగా వండినది. నేను లొట్టలు వేయుచు దింటిని. అవి గ్రుడ్లు పెట్టుటకై పోవుచుండినవని నేను చాలకాలమునకు బిదప ఒక శాస్త్రగ్రంథమున జదివి తెలిసికొంటిని. కొర్రమీను విషయ మింతకంటె శోచనీయము. దాని పిల్లలు ఎర్రని గుంపుగా నీటిపైని కదలుచుండగా దల్లిదండ్రులు క్రిందనుండి కాపలా కాయును. ఆ యెర్రని గుంపును జూచియే మనవారు తల్లి చేప యున్న చోటు గుర్తించి పట్టెడివారు. తల్లి పోగా పిల్లలు ఇతర మత్స్యములకు నాహారమయ్యెడివి. మా తండ్రిగారు సత్పురుషులు, ఎవరి సొమ్మును ముట్టనివారు. ఆయన చేసినది తెలియక చేసినది. తెలిసియు చేయువారు నేడు మనలో లేరని చెప్పుటకు నాకు నోరు రాకున్నది.

ఇక శాస్త్రమును గూర్చి. బొచ్చె, రవ్వ, మోసు అను పెద్ద చేపలు నిలిచిన చెరువు నీట గ్రుడ్లు పెట్టవు. వానికి వానకాలపు పారునీరు కావలెను. అందుచేత పూర్వము నదులనుండి పిల్లలను ఏరి తెచ్చి చెరువులలో వదలెడివారు. ఏరుటలో నితర జాతుల పిల్లలును కలిసి వచ్చెడివి. 1957 జూలై 10వ తేదీన ఒడిస్సాలో హీరాలాల్ చౌధురి, ఆలికుంజి అను శాస్త్రజ్ఞులు చేప తలలోని పిట్యూటరీ గ్రంథి రసమును సూదితో నెక్కించి, ఆ చేపలచే గ్రుడ్లు పెట్టించుటలో గృతార్థులైరి. నేడు దేశమున హాచరీలన్నియు నా పరిశోధన ఫలమే. ఆ దినమునే మత్స్యరైతు దినముగా జరుపుచున్నారు. మన రాష్ట్రమున 2016 నుండి ప్రభుత్వము ఉచితముగా నిచ్చిన చేపపిల్లలును అట్లు పుట్టినవే.

ఆ ఉచిత పథకము మేలైనదే, కాదనువాడను గాను. కాని లారీ చెరువు గట్టున నిలిచినప్పుడు మనవారు చేయు పని యేమి? సంచులు దింపుట, వ్రేలిముద్ర వేయుట, ఫోటో దిగుట. ఎండాకాలమున నెండు చెరువునకు 35 మొదలు 40 మిల్లీమీటర్ల పిల్లలని, నిత్యము నీరుండు జలాశయమునకు 80 మొదలు 100 మిల్లీమీటర్ల పిల్లలని పరిమాణములు నిర్ణయింపబడి యున్నవి. పెద్ద జలాశయమున జిన్న పిల్లలను వదలిన వాలుగ వంటి వేటచేపలకు విందగును. ఆ వచ్చినవి యెన్ని మిల్లీమీటర్లవో కొలుచుటకు మన సహకార సంఘములలో ఎందరికి బరిచయమున్నది? సంచిలోని పిల్లలను లెక్కించు పద్ధతి యెందరెరుగుదురు? వేడినీటి సంచిని చెరువులో గొంతసేపు తేల్చి, రెండు నీళ్ల వేడిమి సమమైన పిదప విడువవలెనని యెందరికి దెలియును? ఒక యేడు నే నెరిగిన యొక చెరువున సంచులు విప్పి విప్పగనే పోసిరి. మరునాటి యుదయము గట్టువెంబడి తెల్లగా దేలినవి. ఆ యేటి కౌలు మాత్రము చెల్లింపక తప్పలేదు. ఆ కుటుంబములలో నిద్దరు ముగ్గురు పడుచువారు బొంబాయికి, గల్ఫు దేశములకు గూలిపనికి బోయిరి.

సముద్రము మనకు జాల దూరమనియు, సముద్రమును గూర్చిన చదువు మన కక్కర లేదనియు గొందరందురు. అట్లు తలపరాదు. మన పెద్ద జలాశయములలో వదలిన నీలకంఠ రొయ్య మంచినీట బెరుగును గాని, దాని లేతపిల్లలు ఉప్పు కలిసిన నీరు లేనిదే బ్రతుకవు. అందుచే దాని పిల్లలు తీరమునుండియే రావలసి యున్నది. మలుగుపాము నదిలో బెరిగి, గ్రుడ్లు పెట్టుటకు సముద్రమునకు బోవును. గోదావరిమీద 1852లో ధవళేశ్వరమున ఆనకట్ట ముగిసినది మొదలు నేటి శ్రీరామసాగరము, ఎల్లంపల్లి వరకు గట్టిన ప్రతి కట్టడమును పొలములకు నీరిచ్చినది. చేపల దారికి దలుపు వేసినది. ఏ తలుపు వలన నే జాతి యెంత తగ్గినదో లెక్కించుటకు గూడ చదువుకొన్నవాడు కావలెను. వాడు మన యింటివాడైన మేలు.

ఎందుకు మన యింటివాడే కావలెనని మీరడుగవచ్చును. కెనడా దేశమున న్యూఫౌండ్‌లాండు తీరమున కాడ్ అను చేప శతాబ్దములుగా నక్కడివారిని బోషించినది. పెద్ద యోడలు వచ్చి యడుగుమట్టముగా లాగివేసినవి. తీరమునకు దగ్గరగా చిన్న పడవలలో వేటాడువారు 1980 దశకముననే చేప తగ్గుచున్నదని మొరపెట్టుకొనిరి. శాస్త్రజ్ఞుల లెక్కలు మాత్రము ఎక్కువ యున్నదని చెప్పినవి. 1992 జూలైలో వేటను నిషేధింపవలసి వచ్చినది. ముప్పదివేల మందికి బైగా పని పోయినది. 2024లో గాని దానిని మరల పరిమితముగా దెరువలేదు. చదువు వేరొకచోటను, అనుభవము వేరొకచోటను ఉండి, ఒకరి మాట నొకరు వినకపోవుటయే యా యనర్థమునకు బెద్ద కారణమని నా యభిప్రాయము. మన తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు పడవల వేట నిషేధింపబడి యున్నది. మన చెరువుల మత్తడి క్రింద నట్టి కట్టుబాటును మనమే విధించుకొనుట కెవ్వరి యుత్తరువును అక్కరలేదు.

ఈ చదువు లభించు తావులు దూరములు కావు. మన రాష్ట్రముననే వనపర్తి జిల్లా పెబ్బేరులో 2017లో పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయము క్రింద మత్స్యశాస్త్ర కళాశాల నెలకొల్పబడినది. ఇంటర్మీడియెట్టులో జీవశాస్త్రము చదివినవారికి నాలుగేండ్ల పట్టము. నెల్లూరు వైపు ముత్తుకూరులో 1991 నాటి కళాశాల యున్నది. పై చదువునకు బొంబాయిలో 1961లో స్థాపింపబడిన కేంద్రీయ మత్స్యవిద్యా సంస్థ కలదు. కాకినాడలో దాని శాఖ యున్నది. సముద్రముమీదికే పోదలచినవానికి 1963లో కొచ్చిలో నేర్పడి, విశాఖపట్టణమున శాఖ గల మరియొక కేంద్రసంస్థ నౌక నడుపుటయు, దాని యంత్రములను మరమ్మతు చేయుటయు నేర్పుచున్నది. హైదరాబాదులో 2006 నుండి జాతీయ మత్స్యాభివృద్ధి మండలి యున్నది. చేప ఆకారమున గట్టిన యా భవనమును జూచుటకు మనవారు పోదురు, దాని ముందు నిలిచి ఫోటో దిగుదురు. లోపలికి బోయి శిక్షణ తరగతు లెప్పుడని యడిగినవారిని నేను జూడలేదు.

ఇప్పుడు తీర్మానమునకు వచ్చుచున్నాను. నిధితో గల్యాణమండపము గట్టవలెనని ప్రతిపాదన యున్నది. ప్రతిపాదించినవారు నాకు మిత్రులు, కొందరు నా శిష్యులు. మండపము వలదని నేననను. పెండ్లిండ్లకు పరుల మండపముల యద్దె మనవారి కెంత భారమో నాకు దెలియును. కాని మండపము రెండేండ్లు ఆలస్యమైనను పెండ్లిండ్లు ఆగవు. ఈ యేడు ఇంటర్మీడియెట్టు ముగించు పిల్ల ఫీజు లేక వేరొక దారి పట్టినచో, ఆ పిల్ల మరల రాదు. పిల్ల యని బుద్ధిపూర్వకముగనే యంటిని. చేపలమ్మి యింటి లెక్క చూచినవారు మన స్త్రీలే. వారి కుమార్తెలు లెక్కలో మగపిల్లలకు దీసిపోరని ముప్పదియేండ్లకు బైగా బడిలో జూచితిని.

నా ప్రార్థన యేమనగా, నిధిపై వచ్చు వడ్డీని అయిదేండ్లు మత్స్యశాస్త్రము చదువువారికి విద్యార్థివేతనముగా నొసంగుడు. తీసికొన్నవారు సెలవులలో మన సహకార సంఘములకు వచ్చి, పిల్లలను కొలుచుటయు, వల కన్ను ఎంత వెడల్పుండవలెనో చెప్పుటయు జేయవలెనని షరతు పెట్టుడు. ముదిరాజు సోదరుల పిల్లలు వచ్చినను వలదనకుడు. చెరువు సభ్యత్వములను గూర్చిన తగవులు న్యాయస్థానములలో నున్న వుండనిండు. చదువులో వానికి జోటియ్యకుడు. ఇది రెండు సంఘములలోను గొందరికి రుచింపదని యెరిగియే చెప్పుచున్నాను.

పుస్తకము లన్నియు నాంగ్లమున నుండుటచే మన పిల్లలు వెనుకాడుదురు. వేసవిలో నెల దినములు కరీంనగరమున మా యింటి యరుగుమీద ఆ పదములను దెలుగున విడమరచి చెప్పుటకు నేను సిద్ధముగా నున్నాను. నా చందాగా రెండు నెలల పింఛనును నేటి యుదయమే కోశాధికారిగారి చేతి కిచ్చితిని. ఏ ఖాతాలో జమకట్టవలెనో తీర్మానము తేలినగాని తెలియదని వారు రసీదు వ్రాయక యాపియున్నారు.