రాళ్ళ చేను, ద్రాక్షతోట

భాగాలు పంచుకునేటప్పుడు చెరువు కింది మడి ఒకరికి, బావి ఉన్న తోట మరొకరికి పోగా, గుట్టపక్క రాళ్ళ చేను ఎవరి వంతుకు వస్తుందో మీకు తెలుసు. ఇంట్లో నోరు లేనివాడి వంతుకు వస్తుంది. మా ఇంట్లో అది మా నాన్నగారికి వచ్చింది. ఆయన బ్రతికినన్నాళ్ళూ వేసవి వేసవికీ కూలీలను పెట్టి రాళ్ళు ఏరించి గట్టున పోయించేవారు. మరుసటి ఏడు నాగలికి మళ్ళీ రాళ్ళే తగిలేవి. ఇప్పుడా మూడెకరాలు అమ్మేద్దామని మా తమ్ముడు, కొన్నాళ్ళు ఆగుదామని నేను. ఈ తర్జనభర్జన నడుస్తున్న రోజుల్లోనే ఇటలీ దేశంలోని ఒక ద్రాక్షతోట సంగతి నా కంటబడింది. ఆ తోట పేరు సస్సికాయ. మన చెవికి ఏదో కాయ పేరులా వినిపిస్తుంది గాని, ఇటలీ భాషలో సస్సో అంటే రాయి. సస్సికాయ అంటే రాళ్ళు నిండిన చోటు. మనం రాళ్ళచేను అన్నట్టే.

ముందుగా ఒక మాట మనవి చేస్తాను. ఆ తోట పండ్లతో వైన్ చేస్తారు. దాని రుచి ఎలా ఉంటుందో నేను చెప్పలేను, నాకు ఆ అలవాటు లేదు. సీసాలో ఉన్నదాని సంగతి మరొకరు చెప్పుకోవచ్చు. నేను చెప్పబోయేది తీగ వేళ్ళ కింద ఉన్నదాన్ని గురించి.

ఇటలీ పడమటి తీరాన, టస్కనీ ప్రాంతంలో, లివోర్నో జిల్లాలో బోల్గెరీ అనే చిన్న గ్రామం ఉంది. అక్కడ సముద్రపు ఒడ్డు నుంచి కొండల దాకా సుమారు 13 కిలోమీటర్ల పొడవున తెనూతా సాన్ గ్విదో అనే ఎస్టేటు పరచుకొని ఉంది. తెనూతా అంటే ఎస్టేటనే అర్థం. మొత్తం సుమారు 2,500 హెక్టార్లు, అంటే ఆరు వేల ఎకరాల పైమాటే. ద్రాక్ష ఉన్నది మాత్రం సుమారు వంద హెక్టార్లలో. మిగతాదంతా అడవి, పంటచేలు, గుర్రాల బయళ్ళు, ఒడ్డున చిత్తడి నేల. పెద్ద రోడ్డు మీదున్న సాన్ గ్విదో ప్రార్థనామందిరం దగ్గర నుంచి ఊళ్ళోకి దాదాపు 5 కిలోమీటర్ల తిన్నని బాట, దానికి రెండు వైపులా రెండు వేలకు పైగా సైప్రస్ చెట్లు. 1906లో నోబెల్ బహుమతి పొందిన కవి కార్దూచ్చి బాల్యం ఈ ఊళ్ళోనే కొంత గడిచింది. ఆ చెట్లను ఆయన పద్యంలోకి ఎక్కించాడు కనుక ఇటలీ బడిపిల్లలందరికీ అవి తెలుసు.

ఆ తీరప్రాంతానికి మరెమ్మ అని పేరు. వినగానే నాకు మన ఊరి పొలిమేరలోని మారెమ్మ గుర్తుకొచ్చింది. పేర్లకు సంబంధమేమీ లేదు గాని, అంటురోగాలకు మనం మారెమ్మను తలుచుకుంటే, అక్కడ శతాబ్దాల పాటు మరెమ్మ అంటేనే మలేరియా. సముద్రం పక్క నీరు నిలిచి, దోమలు ముసిరి, ఎండాకాలం వస్తే జనం కొండలెక్కేవారు. కాలువలు తవ్వి ఆ నీటిని మళ్ళించడానికి తరాలు పట్టింది. అటువంటి చోట మంచి ద్రాక్ష పండుతుందని ఎవరూ అనుకోలేదు. టస్కనీలో పేరున్న తోటలన్నీ లోపలి కొండల్లో, కియాంతీ వైపు. అక్కడి రకం సాంజొవేసె. సముద్రం పక్కన పండేది ఊళ్ళోవాళ్ళు తాగే పలచని సరుకు మాత్రమే.

ఈ ఎస్టేటు మారియో ఇన్చీసా దెల్లా రొక్కెత్తా అనే ఆయనకు భార్య తరఫున వచ్చింది. ఆమె క్లారిచె, ఆ సీమను ఏలిన గెరార్దెస్కా వంశం ఆడపడుచు. ఈయన 1899లో పుట్టాడు. 1920లలో పీసాలో వ్యవసాయం చదువుకుంటున్నప్పుడే ఫ్రాన్సులోని బోర్డో వైన్ల మీద మక్కువ పడ్డాడు. బోర్డోలో గ్రావ్ అనే ప్రాంతం ఉంది. ఆ మాటకు అర్థం గులకరాళ్ళ నేల. భార్య ఊరి పొలాల్లో తిరుగుతున్నప్పుడు ఆయన కాలికి తగిలినవి రాళ్ళే. ఇతరులు తిట్టుకుంటూ దాటిపోయిన చోట ఆయన ఆగి, గ్రావ్‌లో పండినది ఇక్కడెందుకు పండదు అనుకున్నాడు. పీసా దగ్గర సాల్వియాతీ అనే ప్రభువుల తోటలో అప్పటికే ఏభై ఏళ్ళ వయసున్న కాబెర్నే తీగలుండేవి. వాటి కొమ్మలు తెచ్చి 1940లలో, రెండవ ప్రపంచయుద్ధపు రోజుల్లో, కాస్తిల్యొంచెల్లో అనే కొండమీది పాతకోట దగ్గర చిన్న చెక్కలో నాటాడు. అది సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తు. ఉప్పుగాలి నేరుగా తగలదు.

ఫలితం ఏమయింది? మొదటి కాపులతో చేసినది ఎవరికీ నచ్చలేదు. పలచనిదానికి అలవాటుపడిన నాలుకలకు అది మరీ వగరుగా, మొరటుగా ఉంది. మరొకరైతే తీగలు పెరికి సాంజొవేసె వేసేవారు. ఈయన పెరకలేదు, అమ్మలేదు కూడా. 1948 నుంచి 1967 దాకా, దగ్గర దగ్గర ఇరవై ఏళ్ళు, ఆ వైన్ ఎస్టేటు గడప దాటలేదు. ఏటేటా కొన్ని పెట్టెలు కోటలో దాచారు. పాతబడిన సీసాలు తెరిచి చూస్తే, ముందు దోషాలనుకున్నవే గుణాలుగా మారాయని తెలిసింది. మన ఆవకాయ సంగతి ఎరిగిన ఇల్లాలికి ఇది వింతగా తోచదు. అయినా ఇరవై ఏళ్ళు ఆగాలంటే మిగతా ఎస్టేటు అన్నం పెట్టాలి. ఆయనకు పెట్టింది. మూడెకరాలవాడికి ఆ వెసులుబాటు ఉండదు. ఈ తేడాను దాచిపెట్టి ఆయన ఓపికను పొగడటం నాకు న్యాయంగా తోచదు.

ఇక నేల సంగతి. 1960లలో కొండ దిగువన పెద్ద తోట వేశారు. పేరుకు తగ్గ రాళ్ళ నేల అదే. ఇప్పుడీ తోటలన్నీ ఎక్కువ భాగం 100 నుంచి 300 మీటర్ల ఎత్తులో, పడమర, నైరుతి ముఖంగా ఉన్నాయి. మట్టిలో సున్నం పాలు ఎక్కువ. సున్నమూ బంకమట్టీ కలిసిన పొరలు, వాటి నిండా గులకరాళ్ళు, అక్కడక్కడ జిగట నేల. ఇందులో సారం ఎంత అని మనం అడుగుతాం. ద్రాక్ష విషయంలో అడగవలసిన ప్రశ్న అది కాదట. బోర్డో విశ్వవిద్యాలయంలో జెరార్ సెగ్వాన్ అనే శాస్త్రజ్ఞుడు అక్కడి పేరున్న తోటల నేలలను ఏళ్ళ తరబడి పరీక్షించాడు. మట్టిలోని ఫలానా ధాతువు వల్ల పండుకు ఫలానా గుణం వచ్చిందని చెప్పడానికి ఆయనకు ఆధారం దొరకలేదు. తేడా అంతా నీటి దగ్గర కనిపించింది. నేల నీటిని ఎంత తొందరగా వదులుతుంది, లోపల ఎంత దాచుకుంటుంది, తీగకు ఏ నెలలో ఎంత అందిస్తుంది అన్నదే లెక్క.

రాళ్ళ నేల వానను పట్టి ఉంచదు. నీరు చరచరా దిగిపోతుంది. పైన తేమ లేదు కనుక వేరు లోపలికి పోక తప్పదు. కింద జిగటమట్టి ఉంటే అక్కడ దాగిన చెమ్మ ఎండాకాలంలో కొద్ది కొద్దిగా అందుతుంది. ఆ చెమ్మ తీగ బ్రతకడానికి సరిపోతుంది గాని, కొమ్మలు విచ్చలవిడిగా సాగడానికి చాలదు. అప్పుడు ఆకు పెరుగుదల ఆగి, తీగ పండు మీద పడుతుంది. గింజ చిన్నదవుతుంది. రంగూ వగరూ ఉండేది తోలులో. గింజ చిన్నదైతే రసంతో పోలిస్తే తోలు పాలు హెచ్చు. పైగా పగలంతా ఎండకు కాగిన రాయి పొద్దుగూకాక వేడిని నిదానంగా వదులుతుంది. ఆలస్యంగా పండే కాబెర్నే రకానికి అది ఆసరా. మా నాన్నగారు కూలి ఇచ్చి ఏరించి పారబోయించినది ఈ రాయినే.

అయితే తొందరపడి అక్కడిది ఇక్కడికి అతికించకూడదు. మన చిక్కబళ్ళాపురం, దొడ్డబళ్ళాపురం వైపు బెంగుళూరు బ్లూ పందిళ్ళు మీకు తెలుసు. పందిరి కింద నీడ, డ్రిప్పు పైపు, ఏడాదికి రెండు కత్తిరింపులు. మన తీగకు నిద్ర లేదు. బోల్గెరీలో తీగ చలికాలమంతా ఆకు రాల్చి మోడులా పడుకుంటుంది. కత్తిరింపు ఏటా ఒక్కసారే, మొదలును నేలకు దగ్గరగా తీగ మీద పాకించి పొట్టిగా ఉంచుతారు. నందికొండ దిగువన 1990ల నుంచి కాబెర్నే పండిస్తున్నవారున్నారు. వారు నేర్చుకున్నది మన ఎండలో, మన రాతిమట్టిలో వేరే పాఠం. మన రాయి గ్రానైటు, అక్కడిది సున్నం. రాయి అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు.

1968 కాపు సీసాలే మొదటగా బజారుకు వెళ్ళాయి. మారియోగారి భార్య చెల్లెలి కుటుంబమైన ఆంతినోరీలు అమ్మకానికి పూనుకున్నారు. వారి దగ్గర పనిచేసే జాకొమో తాకిస్ అనే నిపుణుడు పులియబెట్టడం, పీపాల్లో నిలవబెట్టడం చక్కదిద్దాడు. ఇప్పటికీ ఓక్ పీపాల్లో రెండేళ్ళు ఉంచాకే సీసాల్లోకి పోస్తారు. 1978లో లండన్‌లో డికాంటర్ పత్రిక పలు దేశాల కాబెర్నే వైన్లను పేర్లు కప్పిపెట్టి పోల్చి చూసినప్పుడు 1972 నాటి సస్సికాయ అన్నిటికన్నా పైన నిలిచింది.

ఇక్కడొక విచిత్రం ఉంది. ఇటలీలో 1963 నుంచి ఊరిపేరు ధృవీకరించే చట్టం అమలులో ఉంది. ఫలానా ఊళ్ళో ఫలానా రకమే వేయాలి, అప్పుడే సీసా మీద ఆ హోదా రాయవచ్చు. కాబెర్నేకు బోల్గెరీలో చోటు లేదు. అందుచేత ఈ వైన్ ఏళ్ళ తరబడి మామూలు భోజనపు వైన్ అనే అట్టడుగు తరగతి చీటీతోనే అమ్ముడుపోయింది. 1983లో బోల్గెరీకి హోదా ఇచ్చారు, అదీ తెల్లవాటికి, గులాబీరంగు వాటికి మాత్రమే. మారియోగారు ఆ ఏడే కన్నుమూశారు. ఎర్రవాటికి 1994లో గుర్తింపు వచ్చింది, అందులో సస్సికాయకు ఒక ఉపవిభాగం. 2013లో దానికి విడిగా తన పేరిటే హోదా ఇచ్చారు. ఇటలీలో ఒకే ఎస్టేటుకు ఆ హోదా దక్కడం అదే మొదలు. 1944 ప్రాంతంలో నాటిన తీగను కాగితం పట్టుకోవడానికి యాభై ఏళ్ళు పట్టింది. పహాణీ కాగితంలో ఒకసారి బీడు అని రాస్తే దాన్ని మార్పించడానికి తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగినవారికి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

ఆయనకు గుర్రాల పిచ్చి కూడా ఉండేది. ఫెదెరికో తెసియోతో కలిసి నడిపిన గుర్రపుశాలలో రిబో అనే గుర్రం 16 పందేలలో పరుగెత్తి, అన్నిటిలోనూ గెలిచింది. చలికాలంలో గుర్రాలను తీరపు గోరువెచ్చదనం కోసం బోల్గెరీకి తోలుకొచ్చేవారు. ఒడ్డున ఉన్న ఆ దోమల చిత్తడినే ఆయన 1959లో పక్షులకు రక్షిత స్థలంగా వదిలిపెట్టాడు. ఎస్టేటులో ఏ నేల దేనికి పనికొస్తుందో, దేన్ని ముట్టుకోకూడదో ఆయనకు తెలుసు.

మొన్న వేసవిలో మా చేలో మూడు చోట్ల నిలువెత్తు గుంటలు తీయించాను. రెండు చోట్ల గజం లోతుకే బండ తగిలింది. మూడోచోట, వంపు దగ్గర, గులకల కింద ఎర్రమట్టి, దాని కింద సున్నపు గడ్డలతో జిగట పొర, చేత్తో నలిపితే ఇంకా చెమ్మ ఉంది. అది మే నెల. మా తమ్ముణ్ణి పిలిచి చూపించాను. గుంటలోకి దిగి, మట్టి తీసి పిసికి చూశాడు. కొనేవాడికి మాట ఇచ్చాం కదన్నయ్యా అన్నాడు. మాటిచ్చింది నువ్వు అన్నాను. మట్టి సంచుల్లో కట్టి పరీక్షకు పంపాం. రిపోర్టు వచ్చేదాకా గుంటలు పూడ్చవద్దని ఇద్దరం ఒప్పుకున్నాం.