తుప్పు వేసే నలుపు

ముదిగొండలో ఏ ట్రాక్టర్ షెడ్డు వెనక చూసినా తుప్పుపట్టిన నట్లు, బోల్టులు కనిపిస్తాయి. పాత ఇనప సామాన్ల వాడికి వేసే ముందు వాటిలో నాలుగు పక్కన పెట్టండి. బట్ట మీద బొమ్మ వేయడానికి పనికొస్తాయి.

శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీతలన్నీ తుప్పు నలుపే. కుండలో నీళ్లు, బెల్లం, తుప్పుపట్టిన ఇనప ముక్కలు వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. పులుపు ఇనుమును కరిగిస్తుంది. ఆ నీళ్లను వడగట్టి, వెదురు కలంతో గీస్తారు. బట్టను ముందే కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిస్తేనే గీత నల్లబడుతుంది. పాలలోని కొవ్వు సిరా పాకకుండా ఆపుతుంది. ఈ విద్యలో పేరుమోసిన జొన్నలగడ్డ గుర్రప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

కరక్కాయ కోసం మనం కాళహస్తి దాకా పోనక్కర్లేదు, భద్రాచలం అడవుల్లోనే ఉంది. కలం లేకుండానే ఆ నలుపు తేవాలంటే, కరక్కాయ నీళ్లలో నానిన నూలుగుడ్డను పక్కన పెట్టిన బోల్టులకు చుట్టి, దారంతో బిగించి, వెనిగర్ చిలకరించి ఒక రోజు ఉంచండి. విప్పితే బోల్టుల అచ్చులు బూడిదరంగులో, నలుపులో పడి ఉంటాయి. ఏ రెండూ ఒకేలా రావు, నాకైతే అందులోనే సరదా. ఎక్కువ రోజులు వదిలేస్తే మాత్రం ఇనుము నూలును తినేస్తుంది. పాత బట్టల్లో నల్లగీతలున్న చోటే ముందు చిరుగుతుంది. చేతులకు తొడుగులు వేసుకోండి, వంటగిన్నెలు వాడకండి.