రెండు పట్టికలను కలిపేటప్పుడు
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో బి.కాం., బి.సి.ఎ., ఇంజనీరింగు చదివేవారు చాలామంది ఉన్నారు. రేపు హోసూరు సిప్‌కాట్‌లో ఏదైనా ఫ్యాక్టరీలో చేరినా, బెంగుళూరు వెళ్ళినా, త్వరలోనే మీ చేతికి వచ్చే పని ఒకటుంది: రెండు చోట్ల నుంచి వచ్చిన రెండు పట్టికలను ఒకటి చేయడం. పవర్ బిఐ, టాబ్లో వంటి సాఫ్ట్‌వేర్లలో రంగురంగుల చార్టులు గీయడం ఒక పూటలో వస్తుంది. పట్టికలు కలపడమే అసలు విద్య. నేను రోజూ చేసే పని ఇదే కాబట్టి దీని గురించే నాలుగు మాటలు చెబుతాను.

నిరుటి జాబితా కింద ఈ ఏటి జాబితాను అతికించడాన్ని అపెండ్ అంటారు. కాలమ్ పేర్లు సరిపోతే అందులో పెద్ద కష్టం లేదు. ఒక పట్టికలోని మనిషి పక్కన ఇంకో పట్టికలోని అతని వివరాలు తెచ్చి పెట్టడం మెర్జ్, లేక జాయిన్. చిక్కంతా ఇక్కడే.

ఇలాంటి ట్రస్టునే ఉదాహరణగా తీసుకుందాం. దరఖాస్తుల పట్టిక ఒకటి, బడుల నుంచి వచ్చిన మార్కుల పట్టిక ఒకటి ఉన్నాయనుకోండి. వీటిని పేరును బట్టి కలిపితే ఏమవుతుంది? మన ప్రాంతంలో ఇది మరీ కష్టం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సర్టిఫికెట్టులో ఇంగ్లీషు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకే అక్షరం. ప, ఫ, బ, భ లకూ ఒకటే. ఇంట్లో భాగ్యమ్మ తమిళంలోకి వెళ్ళి, అక్కడినుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి పాక్యమ్మ కావచ్చు. ఇనిషియల్ ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఆర్. మునిరాజు, మునిరాజు ఆర్., మునిరాజ్ - మనకు ఒక్కడే, కంప్యూటరుకు ముగ్గురు. పేరు చివర కనబడని ఖాళీ ఒకటి ఉన్నా పవర్ క్వెరీకి అది వేరే పేరే. ఇక ఒకే ఊళ్ళో ముగ్గురు మునిరాజులు నిజంగానే ఉంటే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అసలు ప్రమాదం చెబుతాను. ఇన్నర్ జాయిన్ పెడితే రెండు పట్టికల్లోనూ దొరికినవాళ్ళే మిగులుతారు. దొరకనివాళ్ళు చప్పుడు లేకుండా పోతారు. నలభై దరఖాస్తుల్లో ముప్పయ్యారే కలిశాయని మెర్జ్ కిటికీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట కనిపిస్తుంది. ఓకే నొక్కాక అదీ ఉండదు. రిపోర్టు చక్కగా, శుభ్రంగా వస్తుంది. ఆ నలుగురు పిల్లలు మాత్రం ఫీజు గడువు దాకా కబురు కోసం చూస్తూ ఉంటారు. మార్కులు తక్కువై కాదు, ఒక అక్షరం తేడాగా ఉండి.

అందుకే నేను మొదట లెఫ్ట్ యాంటీ జాయిన్ వేస్తాను. మొదటి పట్టికలో ఉండి రెండోదానిలో జత దొరకని వరుసలను అది తీసి చూపిస్తుంది. ఆ జాబితా పట్టుకుని బడికి ఫోను చేయాలి. తర్వాతే లెఫ్ట్ ఔటర్ జాయిన్. అందులో దరఖాస్తు పెట్టిన ప్రతివాడూ ఉంటాడు. మార్కులు దొరకకపోతే ఆ గడి ఖాళీగా కనబడుతుంది. ఖాళీ గడి కనబడితే ఎవరైనా అడుగుతారు, లేని వరుసను ఎవరూ అడగరు.

పేరు బదులు నంబరుతో కలపడం మేలు. తమిళనాడు బడుల్లో ఎమిస్ నంబరు ఉంది. బెంగుళూరు కాలేజీలో చేరినవారిది అక్కడి రిజిస్టర్ నంబరు అవుతుంది కాబట్టి, ట్రస్టే ప్రతి విద్యార్థికి సొంత నంబరు ఇచ్చుకోవడం మంచిది. నంబర్లను టెక్స్ట్‌గానే ఉంచండి. ఎక్సెల్ ముందున్న సున్నాలను మింగేస్తుంది, 15 అంకెలు దాటితే మిగిలినవాటిని సున్నాలు చేస్తుంది. దగ్గరి పేర్లను తనే జతపరిచే ఫజ్జీ మ్యాచింగ్ కూడా ఉంది. అనుమానపు జాబితా తయారుచేయడానికి వాడుకోండి, చెక్కు రాయడానికి మాత్రం వద్దు.

ఇంకొకటి. పదో తరగతిలో అయిదు సబ్జెక్టులు. మార్కుల పట్టికలో ఒక్కో విద్యార్థికి అయిదు వరుసలుంటే, 5,000 రూపాయల వేతనం జాయిన్ తర్వాత అయిదుసార్లు పడుతుంది. కూడితే 25,000! ఆడిటరుకు ముందే మీరు చూడాలి. కలపకముందు ఎన్ని వరుసలు, కలిపాక ఎన్ని అని లెక్కపెడితే దొరికిపోతుంది.

పవర్ బిఐ డెస్క్‌టాప్ ఉచితంగానే దొరుకుతుంది. విండోస్‌లో ఎక్సెల్ 2016 నుంచి డేటా ట్యాబులోనే పవర్ క్వెరీ సదుపాయం ఉంది. సెలవుల్లో ఒక పని చేసి చూడండి. మన కృష్ణగిరి జిల్లా 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుంచి విడిపోయింది. కనుక 2001 జనాభా లెక్కల్లో మన ఊళ్ళు ధర్మపురి కింద ఉంటాయి, 2011 లెక్కల్లో కృష్ణగిరి కింద. జిల్లా పేరుతో కలిపితే హోసూరుకు పాత లెక్కే దొరకదు. డెంకణికోటనైతే ఇంగ్లీషులో డి తో రాసేవారూ ఉన్నారు, టి తో రాసేవారూ ఉన్నారు. ఏ ఊరు ఏ ఏట ఏ జిల్లాలో ఉందో రాసుకున్న మూడో పట్టిక ఒకటి మధ్యలో కావాలి. అది మీరే తయారుచేసుకోవాలి. అన్నీ కలిపాక 2011 మొత్తం 18,79,809 రావాలి. రాకపోతే ఎక్కడో ఒక ఊరు జారిపోయిందన్నమాట. లెఫ్ట్ యాంటీ వేసి వెతకండి.